మూడో పేపర్ ప్లేటు

2007 అక్టోబరు 13, శనివారం మధ్యాహ్నం 3 గంటల 52 నిమిషాలకు మిస్సోరి రాష్ట్రం బ్రాన్సన్‌లోని ఒక రిసార్టులో భీమశంకరం, ఆయన భార్య ఉమ ఏడాదికి ఒక వారం కొన్నారు. కాగితాల ప్రకారం ఆ వారం వారిది. వారి తరవాత వారి వారసులది. వారు అక్కడికి కొనడానికి వెళ్ళలేదు.

ఒక ఇంటిని యాభై రెండు వారాలుగా విడగొట్టి యాభై రెండు కుటుంబాలకు అమ్మే వ్యాపారాన్ని టైమ్‌షేర్ అంటారు. భార్యాభర్తలిద్దరూ వచ్చి తొంభై నిమిషాలు కూర్చుని వింటే, కొనకపోయినా బహుమతి ఇస్తారు. భీమశంకరం అప్పటికి పదకొండుసార్లు విన్నారు. పదకొండుసార్లు వద్దన్నారు. ఒక డీవీడీ ప్లేయరు, రెండు సూట్‌కేసులు, ఒక కెమెరా, మాంసం కాల్చుకునే గ్రిల్లు ఒకటి ఇంటికి తెచ్చుకున్నారు. వారు శాకాహారులు. గ్రిల్లు గరాజులో ఉంది. పన్నెండోసారి ఇస్తామన్నది కార్లో పెట్టుకునే జీపీఎస్.

ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. మిషిగన్‌లోని నోవైలో కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీరుగా ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. కూతురు రాగిణికి బెంటన్‌విల్‌లో ఉద్యోగం కాబట్టి రెండేళ్ళ కిందట ఆమె ఇంటికి ఎదురుగా ఇల్లు కొన్నారు. అక్కణ్ణుంచి బ్రాన్సన్ రెండు గంటల దారి.

వద్దనడానికి ఆయనకొక పద్ధతి ఉంది. కిందటేడు దీపావళి పార్టీలో దాన్ని నలుగురికీ చెప్పారు.

"వాళ్ళ టిఫిను ముట్టుకోకూడదండీ. మంచినీళ్ళు కూడా తాగకూడదు. ఉప్పు తిన్నామా, మొహమాటం మొదలు. మొహమాటం మొదలైందా, సంతకం."

"మరి ఆకలేస్తేనో?" అన్నారు పక్కింటి తిరుపతయ్య.

"మా ఆవిడ డబ్బా కడుతుంది. బయటికొచ్చి కార్లో తింటాం."

పదకొండుసార్లూ అలాగే తిన్నారు.

ఆ శనివారం ఉమ హ్యాండ్‌బ్యాగులో ఒక చెక్‌బుక్కు ఉంది. అది ఆమె విడిగా దాచుకున్న ఖాతాది. అందులో నాలుగు వేల ఆరువందల డాలర్లున్నాయి. వచ్చే మే నెలలో ఆమె, కాకినాడలో ఉన్న ఆమె అక్క కలిసి బదరీ కేదార్ వెళ్ళాలి. ఈ యాత్ర అప్పటికి మూడుసార్లు ఆగింది. మొదటిసారి రాగిణి కాన్పు, రెండోసారి భీమశంకరం బైపాస్, మూడోసారి ఇల్లు మారడం. తిరుగు దారిలో పోస్టాఫీసు దగ్గర ఆగి ట్రావెల్ ఏజెంటుకి చెక్కు పంపాలని అనుకున్నారు. కవరు మీద అడ్రసు కూడా రాసి ఉంది.

ప్రెజెంటేషన్ పదకొండు గంటలకు మొదలైంది. హాల్లో ఇరవై బల్లలున్నాయి. వారి బల్ల దగ్గరికి వచ్చిన సేల్స్‌మన్ పేరు క్లింట్. వయసు ముప్ఫై ఎనిమిది. అతను మఫిన్లు, కాఫీ తెచ్చి పెట్టాడు. వారు ముట్టుకోలేదు. మాటలు ఇంగ్లీషులో జరిగాయి.

"మీ కుటుంబంతో కలిసి ఆఖరుసారి ఎప్పుడు గడిపారు, సర్?"

"ఈ ఉదయం. వాళ్ళు ఎదురింట్లో ఉంటారు."

క్లింట్ కాగితం మీద గీత గీశాడు. "సరే. సెలవులకు వెళ్ళినప్పుడు ఏడాదికి హోటళ్ళకి ఎంత ఖర్చవుతుంది?"

"సున్నా."

"అంటే ఎక్కడికీ వెళ్ళరా?"

"ఎందుకు వెళ్ళం? మొన్న జులైలో ఓర్లాండో వెళ్ళాం. మోహన్ ఇంట్లో ఉన్నాం. అంతకు ముందు శాన్ డియేగో. అక్కడ రామమోహన్ ఉన్నాడు."

"వాళ్ళు మీ బంధువులా?"

"మోహన్ నా క్లాస్‌మేట్ తమ్ముడు. రామమోహన్‌ని అప్పుడే మొదటిసారి చూశాం."

హోటలు ఖర్చును ఇరవై ఏళ్ళతో హెచ్చవేసి చూపించే లెక్క ఒకటి ఉంది. క్లింట్ దాన్ని వేయలేకపోయాడు. సున్నాని ఇరవైతో హెచ్చవేస్తే ఎంతో భీమశంకరం చెప్పారు.

తరవాత మోడల్ ఇల్లు చూశారు. ధర ఇరవై నాలుగు వేల తొమ్మిది వందలని క్లింట్ చెప్పాడు. ఈ ధర ఈ రోజుకే అన్నాడు. పన్నెండున్నరకు భీమశంకరం వాచీ చూసి లేచారు.

"తొంభై నిమిషాలు అయ్యాయి. థాంక్యూ. జీపీఎస్ ఎక్కడిస్తారు?"

బహుమతి చీటీ మీద మేనేజరు సంతకం కావాలని, ఆయన వేరే బల్ల దగ్గర ఉన్నారని, పదిహేను నిమిషాలు పడుతుందని క్లింట్ చెప్పాడు. నలభై నిమిషాలు గడిచాయి. మేనేజరు రాలేదు. కారు దిగువ పార్కింగ్‌లో ఉంది. అక్కడికి తీసుకెళ్ళే షటిల్ బస్సు కూడా ఆ చీటీ చూపిస్తేనే ఎక్కించుకుంటుంది.

భీమశంకరానికి షుగర్ ఉంది. పన్నెండున్నరకు తినాలి. ఒంటిగంటా పది నిమిషాలకు ఆయన వేళ్ళు వణకడం ఉమ చూశారు.

"ఏవండీ, ఇక్కడే తినేయండి. వాళ్ళది కాదుగా, మనదేగా."

"మనది ఎక్కడ తింటే ఏముంది. పెట్టు."

ఆమె స్టీలు డబ్బా తీశారు. పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో పెరుగన్నం. రెండు పేపర్ ప్లేట్లు బల్ల మీద పెట్టారు. క్లింట్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆమె మూడో ప్లేటు కూడా తీశారు.

"వాడికెందుకు?" అన్నారు భీమశంకరం తెలుగులో.

"ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని ఎలా తింటామండీ? దిష్టి."

"పెట్టు, పెట్టు. తిన్నవాడే లొంగుతాడు. ఇంకా మంచిది."

క్లింట్ ముందు వద్దన్నాడు. తరవాత తిన్నాడు. పచ్చిమిరపకాయ కొరికి దగ్గాడు. ఉమ పెరుగన్నం వడ్డించారు. మళ్ళీ పులిహోర అడిగాడు. మూడోసారి అతను అడక్కుండానే ఆమె పెట్టారు.

"పొద్దున్నుంచీ ఏం తినలేదా బాబూ?"

అమ్మకం రాసేదాకా శనివారాలు భోజనానికి లేవకూడదని అతను చెప్పాడు. ఇంట్లో ఎవరు వండుతారని ఉమ అడిగారు. భార్య మార్చిలో వెళ్ళిపోయిందని, పెట్రోలు బంకులో శాండ్‌విచ్ కొనుక్కుంటానని చెప్పాడు. గోడ మీద తెల్లబోర్డు ఉంది. దాని మీద పదహారు పేర్లున్నాయి. ఒక్కో పేరుకెదురుగా ఒక్కో అంకె. ఆఖరి పేరు క్లింట్‌ది. దాని ఎదురుగా సున్నా ఉంది.

"అదేమిటి?" అన్నారు ఉమ.

"ఈ నెల అమ్మకాలు, మేడం."

ఒకటిన్నర దాటాక మేనేజరు వచ్చాడు. పేరు బోవర్స్. ధర పదిహేడు వేల తొమ్మిది వందలన్నాడు. భీమశంకరం వద్దన్నారు. లోపలికి వెళ్ళి వచ్చి పద్నాలుగన్నాడు. భీమశంకరం వద్దన్నారు. మూడోసారి వచ్చి పన్నెండు వేల తొమ్మిది వందలు, ముందు నాలుగున్నర వేలు కట్టి మిగతాది వాయిదాల్లో ఇస్తే చాలన్నాడు. భీమశంకరం వద్దని చెప్పి జీపీఎస్ గురించి అడిగారు.

ఉమ బోవర్స్‌ని వేరే సంగతి అడిగారు. బోర్డు మీద సున్నా ఉన్నవాళ్ళకి ఏమవుతుంది?

"సోమవారం కింది రెండు పేర్లు తుడిచేస్తాం మేడం," అన్నాడు బోవర్స్. చీటీ మీద సంతకం పెట్టి బల్ల మీద ఉంచాడు.

అప్పటికి సమయం 2 గంటల 40 నిమిషాలు. వారు లేచి వెళ్ళడానికి అడ్డు లేదు. భీమశంకరం చీటీ జేబులో పెట్టుకున్నారు.

"ఏవండీ, ఒక్కమాట."

"కార్లో చెప్పు."

"కార్లో చెబితే లాభం లేదు. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. తరవాతి మాటలు తెలుగులో జరిగాయి. క్లింట్ ఖాళీ ప్లేటు పట్టుకుని ఎదురుగానే ఉన్నాడు.

"ఆ అబ్బాయి మన చేతి అన్నం తిన్నాడండీ."

"తిన్నది వాడు. మొహమాటపడాల్సింది వాడు. మనకేంటి?"

"పెట్టినవాళ్ళకి మాత్రం ఉండదా? మూడుసార్లు వడ్డించాను. అన్నం పెట్టి ఉద్యోగం తీసేస్తామా?"

"మనం తీయడమేంటే! వాళ్ళ కంపెనీ తీస్తుంది. రాగిణికి తెలిస్తే నవ్వుతుంది."

"నవ్వనీండి."

"డబ్బేదీ? నా రిటైర్మెంట్ అకౌంట్ ముట్టుకోను. ముందే చెబుతున్నా."

ఉమ హ్యాండ్‌బ్యాగు తెరిచారు.

"అది యాత్ర డబ్బు ఉమా. మీ అక్క చెప్పులు కూడా కొనుక్కుంది."

"కేదారంలో మంచు ఎక్కడికీ పోదు. వచ్చే ఏడాదికీ ఉంటుంది. ఈ అబ్బాయికి సోమవారం దాకే."

ఆయన కాంట్రాక్టు అడిగి తీసుకుని ముప్ఫై నాలుగు పేజీలూ చదివారు. పందొమ్మిదో పేజీలో ఐదు రోజుల్లోగా, ఇద్దరి సంతకాలతో ఉత్తరం పోస్టు చేస్తే కొనుగోలు రద్దవుతుందని ఉంది. ఆ పేజీ మూల మడిచి సంతకం పెట్టారు. ఉమ సంతకం పెట్టి, చెక్కు రాశారు. ఎవరో గంట కొట్టారు. ఇరవై బల్లల వాళ్ళూ చప్పట్లు కొట్టారు. బోవర్స్ బోర్డు మీద క్లింట్ సున్నాని తుడిచి ఒకటి వేశాడు.

మిగిలిన పులిహోరను ఉమ డబ్బాతో సహా క్లింట్‌కి ఇచ్చారు.

"డబ్బా ఎలా పంపను మేడం?"

"పోస్టులో పంపు. కానీ మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పెట్టిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. నాలుగు చక్కెర పలుకులైనా వేసి ఇస్తారు."

అతను ఆ మాట జేబు పుస్తకంలో రాసుకున్నాడు.

ఆదివారం రాగిణి రద్దు ఉత్తరం టైప్ చేసి తెచ్చింది. భీమశంకరం వెంటనే సంతకం పెట్టారు. ఉమ పెట్టలేదు.

"అమ్మా, అది వాళ్ళ టాక్టిక్. ఎవరొచ్చినా అదే బోర్డు, అదే స్టోరీ చెప్తారు."

"ఆకలి కూడా టాక్టిక్కేనా? కళ్ళారా చూశాను."

"అయితే ఒక పూట పెట్టావు కదా, అయిపోయింది. వారం కొనడమేంటి? నాన్నా, మీరైనా చెప్పండి."

"నేను పదకొండుసార్లు వద్దని చెప్పి వచ్చినవాణ్ణి," అన్నారు భీమశంకరం. "నాకు చెబుతావేంటి?"

"మనం క్యాన్సిల్ చేస్తే అతని పేరు మళ్ళీ సున్నా అవుతుందా, అవదా?" అన్నారు ఉమ.

"అవుతుందనుకో."

"మరి?"

సోమవారం ఉత్తరం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. భీమశంకరం దాని పక్కన పెన్ను వేలాడదీశారు. మంగళవారం ఉమ అక్కకి ఫోన్ చేసి యాత్ర వచ్చే ఏడాదన్నారు. అక్క ఏమన్నదీ ఆమె ఇంట్లో చెప్పలేదు. బుధవారం రాగిణి రెండుసార్లు వచ్చి వెళ్ళింది. గురువారం సాయంత్రం ఐదు గంటలకు పోస్టాఫీసు మూశారు. గడువు ఆ రోజుతో ముగిసింది.

శుక్రవారం ఉదయం ఉమ రిసార్టుకి ఫోన్ చేసి క్లింట్‌ని పిలవమన్నారు. అతను ఇప్పుడు ఇక్కడ పని చేయడం లేదని రిసెప్షన్‌లో అమ్మాయి చెప్పింది. పేరు తుడిచేశారా అని ఉమ అడిగారు. లేదని, ఆ శనివారం సాయంత్రం ఇంకొక అమ్మకం కూడా రాశాడని, అప్పటికి బోర్డు మీద ఏడో పేరు అతనిదేనని ఆ అమ్మాయి చెప్పింది. సోమవారం ఉదయం అతనే రాజీనామా ఇచ్చాడు. రిసార్టు పక్కనున్న సరస్సుకు అవతలి ఒడ్డున కొత్త రిసార్టులో కమిషన్ ఎక్కువ.

ఉమ ఫోన్ పెట్టేశారు.

"ఏమంటున్నాడు మీవాడు?" అన్నారు భీమశంకరం.

"బాగానే ఉన్నాడట."

ఫ్రిజ్ మీది ఉత్తరాన్ని ఆమె తీసి, మడిచి, కాంట్రాక్టు ఫైల్లో పెట్టారు.

నవంబరు 2న ఒక పార్సెల్ వచ్చింది. అందులో స్టీలు డబ్బా ఉంది. కడిగి ఉంది. కింది గిన్నెలో చక్కెర పొట్లాలు నాలుగు ఉన్నాయి. కాఫీ హోటళ్ళలో బల్లల మీద పెట్టేవి. పై గిన్నెలో ఒక ఆహ్వానం ఉంది. నవంబరు 10, శనివారం ఉదయం పదకొండు గంటలకు, అవతలి ఒడ్డు రిసార్టులో తొంభై నిమిషాల ప్రెజెంటేషన్. భార్యాభర్తలిద్దరూ రావాలి. బహుమతి మైక్రోవేవ్ అవెన్. వెనక చేత్తో రాసి ఉంది: "ఖాళీగా పంపకూడదన్నారు కదా మేడం. మీ బల్ల దగ్గర నేనే ఉంటాను. ఇక్కడా శనివారాలు భోజనానికి లేవనివ్వరు. క్లింట్."

భీమశంకరం అది రెండుసార్లు చదివారు.

"ఎవరూ వెళ్ళడం లేదు," అన్నారు.

ఉమ డబ్బాను మళ్ళీ కడిగి బోర్లించారు.

నవంబరు 10, శనివారం ఉదయం ఐదున్నరకు ఆమె చింతపండు నానబెట్టారు.