మూడో పాదం

"ఇదిగో, ఆ… అదేంటీ…" అంటూ భర్త గుమ్మంలో నిలబడి గాలిలో చెయ్యి తిప్పాడు.

"గొడుగు. తలుపు వెనకాల," అంది ఆమె, పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

"నువ్వుండగా నాకు వేరే బుర్రెందుకే," అని నవ్వుతూ వెళ్లిపోయాడు. పెళ్లయిన కొత్తలో ఆ మాట ఆమెకు ముద్దుగానే ఉండేది. అత్తగారిదీ అదే తీరు. తన చిన్నప్పటి కథ మొదలుపెట్టి, ఎప్పుడూ ఒకేచోట ఆగి, "ఆ పిల్ల ఎవరే అమ్మాయ్?" అంటుంది. ఆ పేరు ఆమె అందిస్తుంది. ఆ పిల్లను ఆమె ఏనాడూ చూడలేదు. అయినా రిబ్బను రంగుతో సహా ఆమె తలలోనే కాపురముంటోంది.

పనికి బయల్దేరే ముందు కళ్లు మూసుకుని, తల్లి నేర్పిన ప్రార్థన పాడుకోవడం ఆమెకు అలవాటు. నాలుగే పాదాలు. పోయిన తల్లి గొంతు ఆమెకు మిగిలింది అందులోనే. ఆ రోజు రెండో పాదం వెంటనే నాలుగోది వచ్చేసింది. మళ్లీ మొదట్నుంచి పాడింది. మూడోది లేదు. మర్చిపోయిన మాటైతే నాలుక చివర ఏదో తగులుతుంది. ఇక్కడ ఏమీ తగల్లేదు. తడిగుడ్డతో తుడిచిన గచ్చులా నున్నగా ఉంది.

ఆమె పని మెదడు మీద పరిశోధనలు చేసే చోట. దానంగా వచ్చిన మెదళ్లను ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, గాజుపలకలకు అంటించి, రంగు వేస్తుంది. ఆ రోజు పలక అంచు తుడవబోయి, మంచి ముక్కనే తుడిచేసింది.

"ఏంటక్కా, చెత్త వదిలేసి సరుకు ఊడ్చేశావు?" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు. "ఇవీ నీలాగే చేస్తాయిలే, చూడు," అని తన దగ్గరున్న ఇంకో పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. "ఆలోచించే కణాలకే పేరంతా. వాటికి తిండి మోసేవి, చెత్త ఎత్తేవి వేరే ఉంటాయి. వయసు మీదపడేసరికి వీటిలో కొన్ని ఉబ్బి, బిరుసెక్కుతాయి. ఒక్కోసారి చెత్తను వదిలేసి, ఆలోచించే కణాల్ని కలిపే, బతికున్న ముడుల్నే మింగుతాయి."

"ఎందుకమ్మా?"

"పూర్తిగా తెలీదు. ఊడ్చడం మాత్రం మానవు."

"మరి వాటి బాగోగులు ఎవరు చూస్తారు?"

డాక్టరమ్మ ఆమెవైపు తిరిగి, "ఆ మాట నన్నింతవరకూ ఎవరూ అడగలేదక్కా," అంది.

ఆమె కటకంలోంచి చూసింది. ఒక కణం చేతులన్నీ ముడిచి దేన్నో కావలించుకుని ఉంది. కాపాడుతోందో, తింటోందో తెలియలేదు. తలెత్తి తన చేతులు చూసుకుంది. దేవుడా, అందరి జ్ఞాపకాలూ కాయమన్నావు, కాశాను. వాటికి చోటు చాలక నేనే నావి ఊడ్చేసుకుంటున్నానా?

సాయంత్రం భర్త ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు. "రండి, కూర్చోండి. ఇదిగోనే, వీరు మన… ఆ…" అని ఆమెవైపు తిరిగాడు. కుర్చీలో అత్తగారు కూడా కథ మధ్యలో ఆగింది. "ఆ పిల్ల… ఆ పిల్ల…"

ఇద్దరివీ ఒకేలా సగం తెరిచిన నోళ్లు. ఒకేలా గాలిలో ఆగిన చేతులు. వాళ్లు చూస్తున్నది ఆమెను కాదు. ఆమె నుదుటి వెనక ఉన్న చోటును. ఇన్నేళ్లలో అది ఆమె కంటపడటం అదే మొదలు. లోపల ఒక చెయ్యి అప్పుడే సాగి, వచ్చినాయన పేరు అందుకుని, నాలుక దాకా తెచ్చేసింది. ఆమె పెదాలు బిగించింది.

"చెప్పవే," అన్నాడు భర్త.

"నాకు తెలుసు. చెప్పను."

వేళాకోళమనుకుని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అతిథి ఇబ్బందిగా కదిలాడు. ఎవరూ ఏ మాటా అందించలేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దాన్ని ఆమె ఎప్పుడూ వినలేదు.

ఆ నిశ్శబ్దంలో, ఆమె తలలోని నున్నటి చోట, ఏదో మెల్లగా చేతులు సడలించింది. దాని వెనక తల్లి ఊపిరి పీల్చుకోవడం వినబడింది, మూడో పాదం ఎత్తుకోబోయే ముందు పీల్చుకున్నట్టు.