మేక కంటి మెరుపు

పావనికి అన్నిటికన్నా భయం కాలవ. ఇంటి గుమ్మానికి పదడుగుల్లో ధవళేశ్వరం నీళ్లు నిండుగా పారుతుంటాయి. రెండేళ్ల హేమశ్రీ ఎప్పుడు అటు పరిగెడుతుందోనని ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే బతుకుతుంది. ఆ బుధవారం కూడా పిల్లను అత్తగారి ఒళ్లో పెట్టి, వీధి తలుపు గొళ్లెం రెండుసార్లు లాగి చూసి, ఐసు డబ్బాతో ఆటో ఎక్కింది.

దారిలో మటన్ కొట్టు దగ్గర దిగింది.

"ఏంటమ్మా, ఇవాళా కళ్లేనా? ఎప్పటికైనా అరకేజీ మాంసం కొనే ఉద్దేశం ఉందా?" అన్నాడు కొట్టు యజమాని.

"మా మేష్టారు ఎప్పుడు తింటే అప్పుడు కొంటానండి," అంది పావని. ఇద్దరూ నవ్వుకున్నారు. మేష్టారు కోడిగుడ్డు కూడా ముట్టరని ఆ బజారంతా ఎరుగుదురు.

మేష్టారంటే గోపాలకృష్ణమూర్తి గారు. అమలాపురం దగ్గర అగ్రహారంలో పుట్టిన మనిషి. రాజమండ్రిలో కళ్లజోళ్ల పరీక్షలు నేర్పే చిన్న కాలేజీలో ముప్పై నాలుగేళ్లుగా శరీర నిర్మాణం పాఠం చెబుతున్నారు. సన్నటి మనిషి; మెడ దాకా గుండీలు పెట్టిన తెల్లచొక్కా, గోళ్ల సందున సుద్దపొడి. మెడికల్ కాలేజీల్లోలాగా ఇక్కడ శవాలుండవు. ఉన్నదల్లా ఒక ప్లాస్టిక్ పుర్రె, వారానికి పదహారు మేక కళ్లు. సాయంత్రం ఇంటికి వెళ్తే పెరటి దారినే వెళ్లి, నూతి దగ్గర తలస్నానం చేశాకే వంటింట్లో అడుగు పెట్టాలి. ఆయన భార్య సీతారామలక్ష్మి గారు పెళ్లయిన కొత్తలో పెట్టిన ఆ నియమం ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆయన చదువు చెప్పిన పిల్లలు నిడదవోలు నుంచి నరసాపురం దాకా కళ్లజోళ్ల షాపుల్లో ఉన్నారు. "నంబరు చూసేవాళ్లం, కంటి వెనకాల ఏముందో మాకెందుకండి?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆయన కోప్పడరు. "తలుపు తీసేవాడికి ఇల్లు తెలియక్కర్లేదంటావా?" అని బోర్డు వైపు తిరుగుతారు.

ఆ రోజు కోత పాఠం. పిల్లలు కన్ను సగానికి కోసి, లోపలి జిగురు తీసేసరికి అడుగున నెమలి మెడ రంగు తళుక్కుమంది. అందరూ ఆహా అన్నారు. ఆయన ఆ సంబరం తీరేదాకా ఆగారు.

"చూశారుగా? చీకట్లో తిరిగే జీవాలకి ఇచ్చిన అద్దం ఇది. మేకది. మనకి లేదు. పరీక్షలో మనిషి కంటికి ఇది గీశారో, సున్నా."

అయినా ఏటా నలుగురైదుగురు గీస్తారు. ఆ బొమ్మ పక్కన ఆయన ఎర్రసిరాతో 'మేక' అని రాస్తారు. ఇక ఏడాదంతా వాళ్లు క్లాసులో మేకలే.

తొమ్మిదో తరగతితో బడి మానేసి, ఈ కాలేజీలో ఆయాగా చేరిన పావని, గోడకు ఆనుకుని నిలబడి ఈ పాఠం ఆరేళ్లుగా వింటోంది. మెరుపు సంగతి ఆమెకు బాగా నచ్చింది. 'మనకి లేదు' అన్న ముక్క మాత్రం పరీక్షలు రాసేవాళ్ల కోసమనుకుని వదిలేసింది.

పాఠం అయ్యాక ప్రసన్నకుమారి అనే విద్యార్థిని అడిగింది. "అక్కా, పాప పుట్టినరోజు ఫొటోలేవీ?"

పావని ఫోన్ తీసింది. "ఈ ఎడం కన్ను చూడండమ్మా, అచ్చం మన మేక కన్నులా ఎలా మెరుస్తోందో! మూణ్ణెల్ల నుంచి లైటు వేసి ఏ ఫొటో తీసినా ఇంతే."

ఆడపిల్లలు ముద్దొచ్చి నవ్వారు. తువ్వాలు అందుకుంటున్న మేష్టారి చెయ్యి ఆగింది.

"ఏదీ, ఇలా తే."

కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్ మొహం దగ్గర పెట్టుకుని చూశారు. ఒక కంటిపాపలో ఎర్రచుక్క. రెండో కంటిపాప పాలచుక్కలా తెల్లగా ఉంది. తక్కిన ఫొటోలు కూడా చూపించమన్నారు. అన్నిట్లో అదే కన్ను.

"పావనీ, మేక్కి ఉంటుంది. మనకి ఉండదమ్మా."

"అంటే ఏంటండి?"

"నేను డాక్టర్ని కాను. లోపల ఏదో ఉంది. ఈ పూటే చూపించాలి."

"ఆదివారం మా ఆయనకి సెలవండి, అప్పుడు..."

"ఆదివారం కాదు. ఈ పూటే!"

ఆయన గొంతు పెంచడం ఆమె ఎన్నడూ వినలేదు. "ట్రేలు కడగాలండి," అంది.

"నేను కడుగుతాను. నువ్వు వెళ్లు."

ఆయన రాసిచ్చిన చీటీ పట్టుకుని, ఇంటికెళ్లి పిల్లను చంకనేసుకుని, పావని కంటి ఆసుపత్రికి పరిగెత్తింది. చుక్కల మందు వేస్తే హేమశ్రీ ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"కణితమ్మా. ఇప్పటికి కంటి లోపలే ఉన్నట్టుంది. రేపే హైదరాబాద్ తీసుకెళ్లండి. చూపు సంగతి వాళ్లు చెప్పాలి. పాప ప్రాణం దక్కించుకునే టైముకే తెచ్చావు. ఎవరు కనిపెట్టారు?"

"మా మేష్టారండి."

"ఏ ఆసుపత్రిలో చేస్తారు?"

"డాక్టర్ కాదండి. మేక కళ్లు కోస్తారు."

పిల్లను భర్త దుర్గాసాయికి అప్పగించి, సంగతి చెప్పి సెలవు అడుగుదామని అయిదింటికి కాలేజీకి వెళ్లింది పావని. వరండాలో పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ప్రసన్నకుమారి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మేష్టారు ఇక లేరక్కా. చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్నారు. తల గోడకి ఆనించారు. కునుకు తీస్తున్నారనుకుని మేం చప్పుడు చెయ్యలేదు. ఇందాకే ఇంటికి తీసుకెళ్లారు."

పావని లోపలికి వెళ్లింది. ట్రేలు కడిగి ఉన్నాయి. పదహారూ తడితడిగానే ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టారు. అలా పెడితే పొద్దుటికి ఊడి రావు. పాపం, ఆయనకు ఆ పని తెలియదు. విడదీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నీళ్లు ఒక్కో చుక్కే తొట్టిలోకి జారుతున్నాయి.

ఇది చదివినవాళ్లు ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో చంటిపిల్ల ఉంటే, లైటు వేసి తీసిన ఫొటోలో రెండు కళ్లూ చూడండి. ఒకటి తెల్లగా మెరిస్తే, ఆదివారం దాకా ఆగకండి.