ముప్పై పెట్టి చూడగా

ప్రసూనాంబకి ఒళ్ళు హూనమైపోయింది. పొద్దున పొందూరు నుంచి శ్రీకాకుళం దాకా బస్సులో నిలబడే వచ్చింది. కాలేజీలో సెక్షన్ తర్వాత సెక్షన్‌కి అదే లెక్కల పాఠం చెప్పి గొంతు రాసుకుపోయింది. స్టాఫ్ రూములో కూలబడి కళ్ళు మూసుకుందో లేదో, గుమ్మంలో ఎవరో దగ్గారు.

ఎల్లాజీ. గజపతినగరం అవతల పల్లెలో రైతు. పక్కన ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయిన కూతురు రేఖ, కాళ్ళ దగ్గర ఆ పిల్ల హాస్టల్ పెట్టె.

"మేడమ్ గారూ, పిల్లని తీసికెళిపోతన్నాను. దీనికి లెక్కలు రావని ప్రిన్సిపాల్ గారు సెప్పేసినారు. ఎల్లేముందు మిమ్మల్నోసారి సూడాలని ఒకటే గోల."

అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలు తప్పినవాళ్ళని ఇంటికి పంపేయడం ఆ ప్రిన్సిపాల్ పద్ధతి. కాలేజీ రిజల్టు చెడకూడదు కదా! మహానుభావుడికి ఇంకో పద్ధతి కూడా ఉంది. "ఎంట్రన్సులో రుజువులు ఎవడడుగుతాడు మేడమ్? θ బదులు ముప్పై డిగ్రీలు పెట్టమనండి. ఏ ఆప్షన్ సరిపోతే అదే జవాబు." మొదట్లో ప్రసూనాంబ గట్టిగానే దెబ్బలాడింది. ఒక్క కోణానికి సరిపోతే అన్నిటికీ సరిపోయినట్టేనా అని నిలదీసింది. అడిగి అడిగి విసిగిపోయి, చివరికి తనూ ముప్పై పెట్టించడం మొదలుపెట్టింది. ఇప్పుడు రుజువు చేయమన్నా సరే పిల్లలు "ముప్పై పెట్టి చూడగా" అని రాసేస్తున్నారు, ఈవిడ మార్కులు వేసేస్తోంది.

అర్ధ సంవత్సరం పరీక్షలో ఇచ్చిన రుజువు లెక్కకి రేఖ ఒక్కతే ముప్పై పెట్టలేదు. పేజీలు నింపి, కొట్టేసి, మళ్ళీ నింపి, ఆ ఒక్క లెక్కతోనే పరీక్ష టైమంతా పోగొట్టుకుంది. చివర "రాలేదు మేడమ్" అని రాసింది. ప్రసూనాంబ సున్నా చుట్టింది.

"ఎల్లిపోతాను మేడమ్. ఎక్కడ తప్పినానో ఒక్కపాలి సెప్పండి," అంది రేఖ.

ప్రసూనాంబకి విసుగొచ్చింది. ఇన్నేళ్ళుగా చెప్తున్న లెక్క, నిద్రలో అడిగినా చెప్తుంది. లేచి బోర్డు మీద సైన్ 3θ రాసింది. దాన్ని 1 + 2కాస్ 2θ తో భాగిస్తే సైన్ θ రావాలి. పైదాన్ని విడదీసింది, కిందదాన్ని విడదీసింది. రెండు చోట్లా ఒకే ముక్క వచ్చింది. కొట్టేస్తే సైన్ θ మిగిలింది.

"చూశావా? ఇంతే కదమ్మా!"

రేఖ బోర్డు వైపు తెల్లబోయి చూసింది. "మాకు కాస్ ఇవ్వలేదు మేడమ్. కింద 1 + 2సైన్ θ అనిచ్చినారు."

ప్రసూనాంబ ప్రశ్నపత్రం తీసి చూసింది. నిజమే. టైపు చేసినవాడు కాస్ 2θ బదులు సైన్ θ కొట్టేశాడు. తను చదవకుండానే సంతకం పెట్టేసింది, ఆవేళా ఇలాగే నీరసంగా ఉండి. θ బదులు ముప్పై పెట్టి చూసింది. సరిపోయింది! సున్నా పెట్టింది. అదీ సరిపోయింది. తొంభై పెట్టింది. ఒకటి రావలసిన చోట మైనస్ ఒకటి బై మూడు వచ్చింది.

సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తప్పుడు లెక్కని క్లాసు క్లాసంతా రుజువు చేసేసింది. వాళ్ళందరికీ నిండా మార్కులు తనే వేసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఏటైనాది మేడమ్ గారూ?" ఎల్లాజీ కంగారుపడ్డాడు. "మా పిల్లకి లెక్కలొచ్చా, రావా?"

"వచ్చు బాబూ. లెక్కే తప్పు. రానిదాన్ని రాలేదని రాసింది మీ అమ్మాయొక్కతే. పెట్టె తీసికెళ్ళి హాస్టల్లో పెట్టండి. ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాను."

ఎల్లాజీకి సగమే అర్థమైంది, ఆ సగం చాలు. పెట్టె భుజానికెత్తుకున్నాడు. రేఖ మాత్రం కదల్లేదు.

"మరి ముప్పై పెట్టినోళ్ళకి, మేడమ్?"

ప్రసూనాంబ బీరువా వైపు నడిచింది. ప్రిన్సిపాల్ అరుస్తాడు, అరవనీ. సాయంత్రం బస్సూ తప్పిపోతుంది, పోనీ. బీరువాలోంచి పేపర్ల కట్ట దించి, ముడి విప్పింది. పైపేపర్లో "ముప్పై పెట్టి చూడగా" పక్కన తను వేసిన టిక్కు ఎర్రగా కనబడుతోంది. దాన్ని కొట్టేసింది. మార్జిన్లో "తొంభై పెట్టి చూడు" అని రాసి, తర్వాతి పేపరు తీసింది.