గునుగు కట్టు

మదీనాగూడలో అపార్ట్‌మెంట్ల వెనకున్న ఆ ఖాళీ జాగాను ముక్కు మూసుకోకుండా దాటినవాళ్లు లేరు. చివరికి కాలనీవాళ్లే కొందరు పూనుకుని, ఆదివారం ఆదివారం చెత్త ఎత్తిపోసి, తంగేడు, వావిలి, మోదుగ నాటారు. చుట్టూ ఇనుప కంచె వద్దు, గునుగు చల్లుదామన్నది రోహిణి. ఆమెది పక్క ఊరే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, బతుకమ్మకు గునుగు పూలు కొనుక్కోవడం ఆమెకు ఇప్పటికీ నామోషీ.

గింజలను చీమలు ఎత్తుకుపోకుండా పసుపు, బూడిద కలిపి, చాటలో పట్టుకుని జాగా చుట్టూ చల్లుకుంటూ నడిచింది. నడుస్తుంటే చిన్ననాటి సంగతి గుర్తొచ్చి నవ్వుకుంది. ఊళ్లో రోగాలొస్తే ఆడవాళ్లు ఇలాగే పసుపు బియ్యం చల్లి పొలిమేరకు కట్టు కట్టేవారు. ఒక్కచోట మాత్రం బారెడు దారి వదిలేవారు. లోపలిది బయటికి పోవాలి కదా. రోహిణి కూడా సరదాకి అంత దారి వదిలింది.

కాలనీ సంఘానికి పెద్ద, రిటైరైన ఇంజినీరు శ్రీనివాసరావు గారి కంట అది పడనే పడింది.

"ఆ సందు కూడా మూసెయ్యండమ్మా. వదిలారంటే హాస్టల్ కుర్రాళ్లు రేపే బైకులు పెట్టేస్తారు."

"నిజమే సార్" అంటూ రోహిణి చాటలో మిగిలిన గింజలు అక్కడే దులిపేసింది. పార్కింగ్ భయం ముందు పొలిమేర భయం ఏపాటిది! ఆ సమయానికి ఆమె ఆరేళ్ల కూతురు రసజ్ఞ లోపల మట్టిలో కూర్చుని, వానపామును చూసి పకపకా నవ్వుతోంది. పిల్లను చంకనేసుకుని, గింజలు తొక్కకుండా దాటి, ఇంటికి తీసుకొచ్చింది.

ఆ రోజు నుంచి పిల్ల నవ్వలేదు. అన్నం తింటుంది, హోంవర్కు చేస్తుంది, చెప్పిన మాట వింటుంది. రోహిణిని భయపెట్టింది అదే. రసజ్ఞ ఏనాడూ చెప్పిన మాట విన్న పిల్ల కాదు. డాక్టరు ఏమీ లేదన్నాడు. "బుద్ధిమంతురాలైందండీ, ఇంకేం కావాలి మీకు?" అంది టీచరు. రోహిణికి ఒళ్లు మండింది.

వానలకు గునుగు నడుమెత్తు లేచి తెల్లగా పూసింది. ఫొటోలు తీసుకోవడానికి జనం రావడం మొదలుపెట్టారు గానీ, ఒక్కరూ లోపల అడుగుపెట్టలేదు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయారు. ఒక మధ్యాహ్నం రోహిణి బాల్కనీలో ఆఫీసు ఫోను మాట్లాడుతుంటే కింద జాగాలోంచి నవ్వు వినిపించింది. ఆ పకపక ఎవరిదో ఆమెకు చెప్పనక్కర్లేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి తొంగి చూస్తే రసజ్ఞ గదిలోనే ఉంది, బొమ్మకు రంగులు వేసుకుంటూ.

రోహిణి ఫోను పెట్టేసింది. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తింది. జాగా దగ్గర గాలి లేదు. అయినా లోపల మొక్కలు ఊగుతున్నాయి, చిన్నపిల్ల పరిగెత్తినంత మేర. నవ్వు ఈ చివర నుంచి ఆ చివరకు పోతోంది, గునుగు వరకు వచ్చి వెనక్కు మళ్లుతోంది.

ఆనాడు మూసిన చోటనే వంగి, రోహిణి ఒంటిచేత్తో మొక్కలు పీకసాగింది. నవ్వు ఆగింది.

"అమ్మా, నేను గీడనే ఉన్న" అంది లోపలి నుంచి రసజ్ఞ గొంతు. "ఎప్పటిసంది పిలుస్తున్న!"

పక్కనున్న పిల్ల పట్టు బిగిసింది.

"పీకకు అమ్మా" అంది మెల్లగా. "నేను మంచిగుంటున్న గదా. కావాలంటే ఇగ నుంచి నవ్వుత." నవ్వి చూపించింది కూడా. పెదవులు విచ్చుకున్నాయి, బుగ్గల్లో సొట్టలు పడ్డాయి, చప్పుడు మాత్రం రాలేదు.

రోహిణికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ ముద్దలు కలిపి తినిపించింది దీనికే. జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుని జోకొట్టింది దీన్నే. అయినా చివరి మొక్క కూడా పీకేసింది. "రా బిడ్డా" అని లోపలికి చెయ్యి చాచి, రెండో చెయ్యి వదిలేసింది.

ఆ పిల్ల మాత్రం వదల్లేదు.