శాలువాకి కొట్టిన చప్పట్లు

నేను ఒక మైకుని. నోరు నాది కాదు, మాట నాది కాదు, సరిగ్గా వినబడటం లేదన్న తిట్లు మాత్రం నావి. పట్నంలో ఒక ఇరుకు దుకాణంలో నా తలకి జాలీ బిగించి, పొడుగాటి తీగ తగిలించి, షామియానాలు అద్దెకిచ్చే కూర్మారావుకి అమ్మేశారు. అప్పట్నించి పెళ్లిళ్లూ, భజనలూ, సభలే నా బతుకు. పట్టుకున్న ప్రతివాడూ ముందు నా నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తాడు, తరవాత ఉఫ్ ఉఫ్ అని మొహాన ఊదుతాడు. తీరా నేను పలికాక, చెప్పడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు.

అన్నిటికన్నా నన్ను విసిగించింది ఆ గ్రామసభ. ఊరిని పక్కనున్న మున్సిపాలిటీలో కలపాలా వద్దా అన్నది జనమే తేల్చాలట. కలిస్తే వీధి దీపాలొస్తాయని కుర్రకారు, ఇంటి పన్ను పెరుగుతుందని ముసలివాళ్లు వారం నుంచీ టీకొట్టు దగ్గర తెగ వాదించుకున్నారు. రోడ్డు పక్కన భూములున్నవాళ్లు ధరలు పెరుగుతాయని మురిసిపోయారు, వాళ్లలో సర్పంచ్ గౌరునాయుడు ముందు. ఆ వాదనంతా నా దగ్గరికొచ్చేసరికి ఏమైపోయిందో! లేచిన ప్రతివాడూ వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరసగా చదివి, నమస్కారాలు పెట్టి, టైము చాలదంటూ కూర్చున్నాడు. పేరు పేరుకీ చప్పట్లు. నాయనలారా, కలపమంటారా, వద్దంటారా? అడుగుదామంటే నాకు నోరేదీ?

ఆ ఊళ్లో తవిటమ్మ అని ఒకావిడ. సెంటు భూమి లేదు. వేసవిలో కాలవ పూడిక తీసే ఉపాధి పనే ఆవిడ కూడు. ఆ పని పల్లెలకే ఇస్తారు, ఊరు మున్సిపాలిటీలో కలిస్తే ఉండదు. ఆవిడా లేచి నా దగ్గరికొచ్చింది. నన్ను మొట్టలేదు, నా మీద ఊదలేదు.

"నాకు ఆ పేర్లూ అయ్యీ రావు బాబూ. కలిపేత్తే మా పని పోద్ది. మమ్మల్ని కలపకండి," అంది.

పొద్దుట్నించీ నేను మోసినవాటిలో మాటంటే అదొక్కటే. దానికి మాత్రం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మన తవిటమ్మేగా, ఆవిడకి చప్పట్లేమిటని కాబోలు.

గౌరునాయుడు నన్ను అందుకుని, ఊరిని కలపాలన్న తీర్మానం చదివాడు. అక్కడ చేతులెత్తే అలవాటు లేదు. చప్పట్లు కొడితే తీర్మానం నెగ్గినట్టే, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. చదవడం అవగానే, సభ జరిపించడానికొచ్చిన ఆఫీసరు భుజాల మీద తనే ఒక శాలువా కప్పాడు. శాలువా కనబడితే ఆ జనం చేతులు ఊరుకుంటాయా? షామియానా మోగిపోయింది. వద్దన్నవాళ్లూ కొట్టారు. నా ఖర్మ, తవిటమ్మ కూడా కొట్టింది.

సభ కరతాళ ధ్వనులతో తీర్మానాన్ని ఆమోదించిందని గౌరునాయుడు ప్రకటించాడు. అదీ నాలోంచే.

జనం టీల వైపు నడిచారు. తవిటమ్మ ఒక్కతే గబగబా వచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

"బాబూ, నాను కొట్టింది ఆ శాలువాకి. కలపమని కాదు."

ఎవరూ తల తిప్పలేదు. కూర్మారావు అప్పటికే నా తీగ పీకి చుట్టేస్తున్నాడు.

ఊరు కలిసిపోయింది. వీధి దీపాలు ఇంకా రాలేదు, ఉపాధి పని మాత్రం ఆ వేసవికే పోయింది. జాలీ సొట్టపడి నేను కూర్మారావు కొట్టు వెనక విరిగిన కుర్చీల కింద పడున్నాను. ఎవరైనా ఒక్కసారి తీగ తగిలిస్తారేమోనని చూస్తున్నాను. ఆవిడ మాట ఇంకా నా దగ్గరే ఉంది.