నా నోట్లో కొత్తవి రెండే

కాదమ్మా మనవరాలా, 'కోపంగా ఉన్నాను' అని రాయకు. ఆ ముక్క చాలదు. ఒళ్ళు మండిపోతోందని రాయి. రాశావా? ఇక మొదటి నుంచి చెప్తాను, తొందరపెట్టకు.

నలభై ఏళ్ళు నిచ్చెనల మీద నిలబడి గోడలకు రంగులు వేశాను. ఒక్కసారి జారలేదు. చివరికి మన ఇంట్లోనే, కాళ్ళు తుడుచుకునే పట్టా మీద జారి కొళాయికి మూతి కొట్టుకున్నాను. పైన ముందు పళ్ళు రెండూ సగానికి విరిగాయి. మీ నానమ్మ ముందు పట్టా ఉతికి ఆరేసి, తరవాత నా నోరు చూసింది.

మీ నాన్న నన్ను పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తెల్లటి గది, పైన తెల్లటి లైట్లు. వేర్లు గట్టిగానే ఉన్నాయి, పింగాణీ క్యాపులు వేస్తే సొంత పళ్ళలాగే ఉంటాయన్నాడు డాక్టరు. సరేనన్నాను. గంటసేపు నా నోరు తెరిచి, దూది కుక్కి, గొట్టంతో తడి లాగేస్తూ ఆ రెండూ అరగదీశాడు. అంతా అయ్యాక తాళాలగుత్తి లాంటిదొకటి తీశాడు. తాళాలకు బదులు రకరకాల తెలుపుల్లో పళ్ళు వేలాడుతున్నాయి దానికి. ఒక్కొక్కటీ నా పక్క పళ్ళకు ఆనించి చూసి, చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. దూది తీయించి అడిగాను.

"ఇప్పుడా బాబూ రంగు చూసేది?"

"ఏం తాతగారూ?"

"నోరు ఎండిపోయి ఉంది. ఎండిన గోడ ఒక రంగు, తడి గోడ ఒక రంగు. పన్ను ఎప్పుడూ తడిలో ఉండేదే కదా? పైగా ఈ లైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు. కిటికీ దగ్గర చూడు."

పక్కనున్న నర్సమ్మతో కలిసి నవ్వాడమ్మా ఆయన. "మీరు వేసింది గోడలకు తాతగారూ, ఇవి పళ్ళు" అన్నాడు. రంగుకు గోడేంటి, పన్నేంటి? చదువు లేనివాడి కంటికి చూపు కూడా ఉండదనుకున్నాడు.

పదిరోజులకు క్యాపులు వచ్చాయి. అంటించకుండా ఊరికే పెట్టి అద్దం చేతికిచ్చాడు. పాత వీధిలో కొత్త సున్నం కొట్టిన రెండు ఇళ్ళలా ఉన్నాయి. వాటితోనే గుమ్మం బయటికొచ్చి, నాతో వచ్చి అక్కడ కూర్చున్న మీ నానమ్మకు చూపించాను. "నోట్లో ట్యూబ్‌లైటు వేసుకున్నావేంటి?" అంది.

లోపలికెళ్ళి అంటించొద్దన్నాను. అప్పుడు ఆయన చెప్పిన మాట విను. అసలు నా కోపమంతా ఆ మాట మీదే.

"క్యాపుల్లో తప్పేం లేదు. మీ పక్క పళ్ళే పచ్చబడ్డాయి. వాటిని కూడా కొంచెం అరగదీసి పైన గోరంత పింగాణీ పలకలు అంటిస్తే అన్నీ ఒకే రంగులో ఉంటాయి. ఎనిమిది పళ్ళు, అంతే."

"ఆ ఎనిమిదీ బాగానే ఉన్నాయా?"

"గట్టిగానే ఉన్నాయి."

"అరగదీసింది మళ్ళీ పెరుగుతుందా?"

"పెరగదు. కానీ నవ్వు చాలా బాగుంటుంది."

"నాకు నవ్వు బాగానే వచ్చేది బాబూ, నీ దగ్గరికి వచ్చేదాకా."

చూశావా? అతుకు రంగు కుదరలేదని ఇల్లంతా గీకుతానంటాడు. నా కింద పనిచేసే కుర్రాడు ఎవడైనా ఆ మాట అనుంటే చేతిలో బ్రష్షు లాక్కుని ఇంటికి పంపేవాణ్ణి. డెబ్భై రెండేళ్ళ వయసొచ్చేదాకా నాకు నమిలి పెట్టిన పళ్ళవి. వాటి తప్పేముంది?

ఒప్పుకోలేదు. ఆయన విసుక్కుని, "అంతగా ఉంటే పళ్ళు చేసే ల్యాబుకే వెళ్ళి చూపించుకోండి" అని ఆ క్యాపులూ చిరునామా నా చేతిలో పడేశాడు. నేను వెళ్ళననుకున్నాడు. నువ్వే కదా స్కూటరు మీద తీసుకెళ్ళింది.

సైకిళ్ళ షాపు పైన ఇరుకు గది. కంటికి భూతద్దం తగిలించుకుని ఒకమ్మాయి, ఆమె ముందు మట్టి పళ్ళ వరసలు, మూలన అన్నం గిన్నెంత కొలిమి. నేను ఆ క్యాపులు చూపించగానే లేచి నిలబడింది.

"మీరు ఈ చీటీ పళ్ళవారా? నోరున్న మనిషి ఇక్కడికి రావడం ఇదే మొదలు తాతా. నాకు చీటీలే వస్తాయి. దాని మీద రంగుకు గుర్తుగా ఒక అక్షరం, ఒక అంకె. దాన్నిబట్టి చేస్తాను."

"మనిషిని చూడకుండానే?"

"చూపిస్తే కదా!"

ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. "తాగి పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి" అంది. మీ నానమ్మ పెళ్ళైనప్పటి నుంచి చెప్తున్నది అదేనన్నాను. పకపకా నవ్వింది పిల్ల. తరవాత కిటికీ దగ్గర కుర్చీ వేసి, పగటి వెలుతురులో నా నోరు చూసింది. చూసి చీటీ మడిచి పక్కన పెట్టేసింది.

"వీటిమీద రంగు పూసి సరిపెట్టొచ్చు తాతా, కానీ నిలవదు. మళ్ళీ చేస్తాను."

ఆ మాటతో నాకు కడుపు నిండింది. పక్కనే కూర్చుని చూశాను. పింగాణీ పొడి తడిపి సన్నటి బ్రష్షుతో పొర మీద పొర పెట్టింది. చిగుళ్ళ దగ్గర కాస్త ముదురు, మధ్యలో లేత, అంచుకు వచ్చేసరికి గాజులాగా పల్చన. "అంచు ఇంకాస్త నీళ్ళగా" అన్నాను. "నేనూ అదే అనుకుంటున్నా" అంది. నా పక్క పన్ను మీద సన్నటి పాత గీత ఒకటుంది, అలాంటిదే వీటి మీదా గీసింది. ఆ రెండూ పెట్టుకుని ఇంటికొస్తే మీ నానమ్మ, "వీటిలో కొత్తవేవి?" అంది. ఇంతకన్నా మెచ్చుకోలు ఏం కావాలి?

అంటించిన రోజు డాక్టరు నా నోటికి ఫొటో తీశాడు. రికార్డు కోసమన్నాడు.

ఇప్పుడు నిన్నటి సంగతి రాయి. మీ నానమ్మ తమ్ముడు, జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుందని మనమంతా దువ్వెన అంటామే, ఆయన ఫోన్ చేశాడు.

"బావా, నీ నోరు గోడకెక్కింది! డాక్టరు గుమ్మంలో ఇంతెత్తు బొమ్మ. పది పళ్ళూ పింగాణీవే అని రాశారు. నాకు చెప్పకుండా పదీ చేయించుకున్నావు కదూ! గురువారం నేనూ పదీ అరగదీయించుకుంటున్నా."

"పది కాదురా, రెండే!"

"నువ్వు చేయించుకుంటే సోకు కాదు, నేను చేయించుకుంటే సోకా?" అని పెట్టేశాడు.

వెంటనే డాక్టరు దగ్గరికి పోయాను. నిజమే, నా నోరే. "బోర్డు రాసేవాళ్ళు రాశారు తాతగారూ, చిన్న పొరపాటు" అన్నాడు. దించలేదు. నా ఎనిమిది పళ్ళను నా నోట్లో ఏమీ చెయ్యలేక, గోడమీద చేసేశాడు! ఆ కిటికీ పిల్ల ఊసు బోర్డు మీద ఎక్కడా లేదు.

అందుకే రాయిస్తున్నాను. ఫోన్లో దువ్వెన ఎవర్నీ మాట్లాడనివ్వడు, కాగితానికైతే అడ్డు రాలేడు. బుధవారం పొద్దున్నే వెళ్ళు. ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతికి అద్దమివ్వు. ఇంకో మాట రాయి: ఒరేయ్ బామ్మర్దీ, ఆ బొమ్మలో కుడిపక్క నా వంకర పన్ను చూశావా? చిన్నప్పటి నుంచి నువ్వు వెక్కిరించిందే. పదీ కొత్తవి చేసినవాడు దాన్ని కూడా ఏరికోరి వంకరగానే చేశాడంటావా?

అది రాశావా? సరే. ఆయన నవ్వినా ఆపకు, తిట్టినా ఆపకు. ఆ దువ్వెన తీసి పక్కన పెట్టించి, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు తల్లీ.