పెరటి రంబూటాన్ మీద గొడ్డలి

మా పెరటి తలుపు పక్కన తొమ్మిదేళ్లుగా ఒక రంబూటాన్ చెట్టుంది. కళింగపట్నం చుట్టుపక్కల ఇంకెవరి దొడ్లోనూ అది లేదు. ఉన్నందువల్ల మాకు ఒరిగిందీ లేదు.

నేను తాపీమేస్త్రీని. ఏడో తరగతిలో బడి మానేశాను. కేరళలో పద్నాలుగేళ్లు పరాయివాళ్ల బాత్‌రూములకి టైల్స్ అతికించాను. అక్కడొక ఇంటాయన, పైన వెంట్రుకలున్న ఎర్రటి పండొకటి నా చేతిలో పెట్టాడు. లోపల తాటిముంజెలా ఉంది, మంచి తీపి. గింజలు నాలుగు అడిగి తీసుకుని, తడిగుడ్డలో చుట్టి రైల్లో తెచ్చాను. ఒక్కటి బతికింది.

అది నాటిన చోటు, నా భార్య ఎలీసమ్మ బాత్‌రూముకని అనుకున్న చోటు. మాకున్నది దొడ్డి చివర రేకుల గది. ఇంటికి ఒక పక్క పక్కింటి జోగయ్య గోడ, ఇంకో పక్క సందు, ముందు వీధి. కట్టాలంటే అక్కడే కట్టాలి. ఒక్క కాపు చూశాక ఆలోచిద్దామన్నాను. సరేనంది. నేను మళ్లీ కేరళ పోతే దానికి నీళ్లు మోసింది ఆవిడే. తిత్లీ తుపానులో కొబ్బరిచెట్లు కూలుతుంటే, దీన్ని పాత చీరలతో గుంజకి కట్టిందీ ఆవిడే.

రెండేళ్ల కిందట మొదటిసారి పూసింది. పూత రాలింది, కాయ లేదు. జోగయ్యది సేద్యం చేసే కుటుంబం. వాళ్లకో వాడుక ఉంది. కాయని చెట్టు ముందు ఒకడు గొడ్డలెత్తి నరికేస్తానని బెదిరించాలి. ఇంకొకరు అడ్డమొచ్చి, కొట్టకు, వచ్చే ఏడాది కాస్తుందని హామీ ఉండాలి. చెట్టుకి భయమేసి కాస్తుందట. చర్చికెళ్లేవాళ్లం మనకెందుకని ఎలీసమ్మ నవ్వింది. నవ్వుతూనే అడ్డమొచ్చి హామీ ఇచ్చింది. మరుసటి ఏడూ ఇచ్చింది, నవ్వకుండా.

కిందటి వానల్లో దొడ్డి చివరికెళ్తూ జారిపడింది. మోకాలిచిప్ప పగిలింది. ఇప్పుడు కర్ర పట్టుకుని, దారిలో ఒకసారి ఆగి మరీ వెళ్తుంది. నన్నొక మాట అనదు. అంటే బాగుండును.

ఈ వేసవిలోనూ పూత రాలింది. పూత మిగిలిన ఒక రెమ్మ కాగితంలో చుట్టుకుని శ్రీకాకుళం తోటల ఆఫీసుకి పట్టుకెళ్లాను. అక్కడి అమ్మాయి భూతద్దంతో చూసి, ఇది మగచెట్టు, ఎన్నాళ్లున్నా కాయదు, గింజ నాటితే చాలావరకు ఇంతే, అంటు తెచ్చుకోవాల్సింది అంది. మా ఊళ్లో మగ తాటిచెట్టు, పోతుతాడి నయం, కల్లయినా ఇస్తుంది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లు పోతుచెట్టుకి నీళ్లు మోయించానని ఏ మొహంతో చెప్పను?

నెల తర్వాత ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి జోగయ్య గొడ్డలితో సిద్ధంగా ఉన్నాడు.

"ఒరే పరంజ్యోతీ, ఈపాలి గట్టిగా ఎత్తు. నువ్వు నాటకమాడతన్నావని దానికి తెలిసిపోనాది."

ఎత్తాను. నరికేస్తున్నానని అరిచాను. ఎలీసమ్మ గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుంది. అడ్డం రాలేదు.

"సెప్పు సెల్లీ, ఆడి సెయ్యి నొప్పెడతాది," అన్నాడు జోగయ్య.

"అంజూరపు సెట్టుకి ఆ తోటోడు ఒక్క ఏడే గడువడిగినాడు అన్నా. నాను రెండేళ్లు అడిగినాను. ఇంక నా నోట ఆ మాట రాదు."

అది మా పాస్టరుగారు చెప్పే బైబిలు కథ, కాయని అంజూరాన్ని యజమాని నరకమంటే తోటమాలి ఒక్క ఏడు ఆగమంటాడు. జోగయ్యకి అర్థం కాలేదు. నాకు అయింది. గొడ్డలి దించాను.

"అది పోతుసెట్టే," అన్నాను. "నెల్రోజులై నాకు తెలుసు."

ఎలీసమ్మ నా మొహంలోకి చూసింది.

"తెలిసి కూడా నా సేత ఆ మాట సెప్పిద్దామనుకున్నావేటి?"

మళ్లీ గొడ్డలెత్తాను, ఈసారి దించింది చెట్టు మీదే. మాను గట్టిది. సగంలో నాకు ఆయాసం వచ్చింది, జోగయ్య అందుకున్నాడు. చీర కట్టిన గుర్తు మొదలు చుట్టూ ఇంకా ఉంది.

చెట్టు పడ్డాక ఎలీసమ్మ కర్రతో నేల మీద గీత గీసింది.

"బాత్‌రూము తలుపు ఇటేపు ఎట్టు. మెట్టు మాత్రం ఒద్దు."

మెట్టు లేకపోతే వాననీళ్లు లోపలికొస్తాయి. మేస్త్రీని, నాకు తెలుసు. సరేనన్నాను.